ఎడమ పిడికిలి

రోళ్ళా వెనుక సందుల
ఒకటి నుంచి పది దిర్హాముల దుకాణం.
డబ్బా మీద నీలి రంగు ఇనుప మొనగాడు,
పేరు మాత్రం అసలోనిది కాదు, వాని సుట్టానిది:
ఒక అక్షరం ఎక్కువ, రెండు తారుమారు.
ఏడు దిర్హాములంటే పోశెట్టి ఆరుకు అడిగిండు.
మలబారాయన ధర దించలేదు గని
రెండు బ్యాటరీలు ఊరికే ఇచ్చిండు.
ఆ బొమ్మకు బ్యాటరీలతోటి పనే లేదని
క్యాంపుకొచ్చినంక తెలిసింది.

అసలుదాన్ని మేం చూసినం,
పోయిన రంజాన్‌కు, మాల్‌ల ఏసీ గాలికి తిరిగినప్పుడు.
అద్దాల పెట్టెల, దానికొక్కదానికే లైటు.
నాలుగు వందల యాభై.
పోశెట్టి రెండడుగులు ఎనుకకు జరిగిండు,
ఊపిరి తగిలితే పైసలడుగుతరేమో అన్నట్టు.

శుక్రారం రాత్రి. సజా క్యాంపు, నూట పదకొండో రూము.
అంతస్తు మంచాలు ఆరు, పన్నెండు మందిమి.
మనిషి లెక్క మంచిగనే నిలబడ్డది బొమ్మ.
దాన్ని లారీ చెయ్యాలె.
డబ్బా ఎనుక మెట్లన్నీ గీసి ఉన్నయి,
మూడోదాని పక్కన ఐదోది.
నాలుగోదాన్ని ఎవడో మింగిండు.

ముందు కాళ్ళు మడువుండ్రి, అన్నడు షట్టరింగ్ ముత్తెన్న.
కాదు, ఛాతి తెరువాలె, అన్నడు స్టీల్ ఫిక్సర్ గంగరెడ్డి.
ఏసీ మెకానిక్ జలీల్ భాయ్ అద్దాలు పెట్టుకొని
స్క్రూడ్రైవర్‌తోటి నాడి చూసిండు.
"అసలుదానికి ఈడ ఇనుప సీల ఉంటది,
దీనికి ప్లాస్టిక్ పుల్ల పెట్టిండ్రు,"
ఆపరేషన్ గదిల నుంచి బయటికొచ్చినట్టు
మెల్లగ చెప్పిండు.
నాలుగింటికి బస్సెక్కేటోళ్ళు గూడ పండలే.
ముప్పై రెండు అంతస్తులు లేపిన చేతులు
జానెడు లారీ కాడ తండ్లాడుతున్నయి.

రెండు గంటలకు టక్కుమన్నది.
అయిపాయె, లారీ అయిందని లేచినం.
ఇరిగింది ఎడమ చెయ్యి.
పిడికిలి ఎగిరి ఏ మంచం కిందికి ఉరికిందో,
ఫోన్ల లైట్లు పెట్టి ఎతికినం.
నల్లులు దొరికినయి. ఒమాన్ నాణెం దొరికింది.
పోయినేడు ఇంటికి పోయిన సారంగం తాయెత్తు దొరికింది.
పిడికిలి దొరుకలే.

గంగరెడ్డి జేబుల ఎప్పుడూ బైండింగ్ వైరు ఉంటది.
ఇరిగిన మోచేతికి మూడు సుట్లు సుట్టి
కొసను లోపలికి ఒత్తిండు, పిల్లకు గుచ్చుకోవద్దని.
అప్పుడు, ఎవ్వలం ఏం చెయ్యకముందే,
ఛాతి దానంతట అదే మడుసుకుంది,
చక్రాలు కిందికొచ్చినయి.
ఒక దిక్కు వంగిన లారీ.
పొగగొట్టం పక్క నుంచి మొగం
ఇంకా మమ్ములనే చూస్తున్నది.
దాన్ని మళ్ళీ మనిషిని చేసే ధైర్యం
ఎవ్వలకూ రాలే.

లారీ లెక్కనే పోయింది మెట్‌పల్లికి,
సెలవు మీద పోయే జలీల్ భాయ్ సంచిల,
పాలపొడి డబ్బాకు, జండూబాం సీసాలకు నడుమ.

ఊడుస్తుంటే నాకు దొరికింది, పది దినాలకు.
సెనగ గింజంత పిడికిలి.
అసలుదానికి ఏళ్ళు తెరుచుకుంటయట.
దీనికి తెరుసుడు రాదు.
కిటికీల పెట్టిన, ఎవ్వలకు చెప్పలే.
అప్పటికి రెండు నెలల జీతం ఆగి ఉన్నది,
పొద్దున బస్సు ఎక్కుడా, ఎక్కకుంట కూసునుడా అని
మంచం మంచానికి గుసగుసలు.

ఆ రాత్రే బోటింల పోశెట్టి బిడ్డ లహరి.
తెర ఆగుకుంట ఆగుకుంట.
లారీని మనిషిని చేసింది, మనిషిని లారీని చేసింది,
కట్క, కట్క, మళ్ళొకసారి కట్క.
మాకు దొరకని నాలుగో మెట్టు
ఏడేండ్ల పిల్లకు ఎట్ల దొరికిందో.
డబ్బా మీది తప్పు పేరును కూడబలుక్కొని
తప్పుగనే చదివింది,
ఇగ అదే దాని పేరు.

"నాయినా, దీని ఇంకో చెయ్యేది?"

పోశెట్టి కిటికీ దిక్కు చూసిండు.
మేమందరం చూసినం.

"డ్యూటీల ఉన్నది బిడ్డా," అన్నడు,
"ఇంకా దిగలే."